నాలుగో పాదం

భీమవరంలో ఎక్కిన బస్సులో ఫోన్‌లో యుద్ధం వార్తలు చదువుతూ, ఈ ప్రపంచం కనీసం ఆకివీడు దాకానైనా నిలుస్తుందా అని ఆలోచిస్తున్నాను. పక్క సీటు పెద్దాయన దేవుడి మీద సొంతంగా పద్యం కట్టుకుంటూ, మూడు పాదాలు పాడి ఆగిపోయారు.

"నాలుగోది తట్టలేదాండి?"

"రేపటికి ఉంచాను బాబూ. మా చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలింది. పంటంతా పోయేలా ఉంది."

"పద్యం పాడితే రొయ్యలు బతుకుతాయాండి?"

"రొయ్యలకి తెలుగు రాదు కదండీ!" అని నవ్వారు. "రేపు పొద్దున్నే లేవడానికి నాకో పనుండాలి. మిగతాది ఆయన చూసుకుంటాడు."

ఆకివీడులో దిగిపోయారు. ప్రపంచం కూడా అక్కడిదాకా బాగానే వచ్చింది.

ఇప్పుడు నేనూ వార్తలు మూసేసి రోజూ పద్యం కడుతున్నాను. మూడు పాదాలూ ఘోరంగా ఉంటాయి. నాలుగోది మాత్రం రేపు బాగా వస్తుందని నమ్మకం.