కిరసనాయిల్లో నానిన రబ్బర్లు

పాత డైరీలు దులుపుతుంటే అరవైల నాటిది ఒకటి చేతికి వచ్చింది. అట్టకు ఇంకా గ్రీజు వాసన ఉంది. తాడిపత్రిలో ఒక లారీల షెడ్డులో ఫిట్టరుగా ఉన్న రోజులవి. ఏ బండి విప్పినా ఏ బోల్టు ఎక్కడిదో అందులో వరుసగా రాసుకునేవాణ్ణి. మా ఉస్తాద్‌కు చదువు రాదు. "నాకు చేతిలో ఉండాది, నీకు బుక్కులో ఉండాది. ఇద్దరూ కలిస్తే ఒక మెకానిక్కు" అని నవ్వేవాడు.

ఆ వేసవిలో నాపరాళ్ల గని యజమాని ఒకాయన తన ఎర్ర కారును ఎద్దులతో లాగించుకొచ్చాడు. ఇద్దరే పట్టే, పైకప్పు లేని ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. గేరుబాక్సులో పళ్లు రాలిపోయాయి. వేరే కారు నుంచి తీసిన గేరుబాక్సు, కొత్త క్లచ్ సామాన్లు ఆయనే మద్రాసు నుంచి తెప్పించాడు.

"లారీల మనిషివి, నీకు చేతనైతాదా ఉస్తాద్? శనివారానికి కాదంటే ఇప్పుడే చెప్పు. రాళ్ల లారీ మీద బెంగుళూరికి పంపిస్తా."

"ఈడికొచ్చిన బండి చక్రాల మీదనే పోవల్ల సామీ."

ఆయన వెళ్లాక ఉస్తాద్ మెల్లగా అన్నాడు: "అది లారీ ఎక్కి పోయిందంటే, రేపట్నించి మన షెడ్డు మొగం ఎవడూ చూడడప్పా."

ఇంజనును గేరుబాక్సుతో సహా చైను పుల్లీతో పైకెత్తి బయటికి దించాం. తెప్పించిన గేరుబాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటు నడిమి రంధ్రంలో కూర్చోవాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎక్కదు. ఉస్తాద్ పాత గేరుబాక్సు షాఫ్టునే ఊడదీసి, దాన్ని గురిగా దూర్చి ప్లేటును సరిచేశాడు. ఆ తర్వాత ఒక్క తోపుకే కూర్చుంది.

మేమెరిగిన లారీల్లో పెడల్ నుంచి క్లచ్ దాకా ఇనుపకడ్డీ ఉంటుంది. ఈ కారుకు కడ్డీ లేదు. సన్నటి గొట్టంలో బ్రేకు నూనె, రెండు చివర్లా చిన్న సిలిండర్లు, వాటిలో నూనెను నెట్టే రబ్బరు గిన్నెలు. వాటిని బిగించే పని నాకు అప్పజెప్పాడు. కొత్తదైనా పాతదైనా ప్రతి భాగమూ ఒక రాత్రి కిరసనాయిల్ తొట్టిలో నానాలన్నది నేను పెట్టుకున్న నియమం; రాతిపొడి ఊరు కదా. బ్రేకుల పని మాత్రం ఉస్తాద్ ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అందుకే రబ్బరు సంగతి నాకు తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి అంతా బిగించాం. పెడల్ తొక్కితే లోపలికి పోయింది, తిరిగి రాలేదు. గొట్టంలో గాలి తీశాం, నూనె మార్చాం. అయినా అంతే.

ఉస్తాద్ చెమట తుడుచుకున్నాడు. "తప్పు క్లచ్‌లో ఉంటే మళ్లా ఇంజను దించల్ల. శనివారం పోయినట్లే." చైను పట్టుకున్నవాడే దాన్ని వదిలేసి, "ఏమప్పా, నీ బుక్కు తీసి మొదటి నుంచి సదువు" అన్నాడు.

చదువుతూ పోయాను. గిన్నెల వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగింది. గిన్నెలు సిలిండర్‌లోకి బిగుతుగా వెళ్లిన సంగతి గుర్తొచ్చింది. ఆ ఒక్క వరుస వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. అయినా చదివాను: "రబ్బరు గిన్నెలు రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, బొటనవేలితో నొక్కి ఎక్కించితిని."

"మళ్లా సదువు."

మళ్లీ చదివాను.

"ఓరి నీ శుభ్రం తగలెయ్య! సంటిబిడ్డకు సారాయి తాపినట్ల చేసినావు గదప్పా!"

సిలిండర్లు విప్పితే గిన్నెలు నూనెలో వేసిన గారెల్లా ఉబ్బి ఉన్నాయి. ఉస్తాద్ తన బ్రేకు సామాన్ల పెట్టె గుమ్మరించి, కొలిచి కొలిచి, జీపు బ్రేకు గిన్నెల్లో సరిపోయేవి ఏరాడు. వాటిని బ్రేకు నూనెలోనే కడిగి తానే బిగించాడు. ఈసారి పెడల్ కాలిని తన్నుకుంటూ పైకి వచ్చింది.

శనివారం పొద్దున యజమాని వచ్చాడు. "రాత్రిదాకా షెడ్డులో దీపం వెలుగుతానే ఉండిందంట, ఇంత నిదానమైందేం?"

"చేతి తప్పు సామీ. నా చెయ్యే."

నేను నోరు తెరవబోయాను. "నువ్వు పొయ్యి ఆ పానాలు ఏరుకోపో" అని కసిరాడు ఉస్తాద్.

కారు రాతిపొడి లేపుకుంటూ రోడ్డెక్కింది. అది మలుపు తిరిగేదాకా చూసి, ఉస్తాద్ నా దగ్గర కూర్చున్నాడు. "రబ్బరును కిరసనాయిల్లో ఎయ్యగూడదని రాయి." రాశాను. దాని కింద నూనె బొటనవేలు ఒత్తాడు. "ఇది నా సంతకం. ఇంగ మర్చిపోతే సూడు."

ఆ వేలిముద్ర గోధుమరంగుకు తిరిగింది. గీతలు మాత్రం ఇంకా చెదరలేదు.