మూడు చేపలు, ఒక లీవ్ కాగితం

ఇదొక మహాగాథ. ఇందులో సముద్రముంది, రాణి మరణముంది, గద్దె మారడముంది. సరే, సముద్రమంటే దోహా అల్ సద్ పేటలో ఒక క్లినిక్ రిసెప్షన్‌లోని నాలుగడుగుల అద్దాల తొట్టి. రాణి నా బొటనవేలికన్నా కాస్త పెద్ద చేప.

ఆయిల్ డబ్బుతో దోహాలో ఎక్కడ చూసినా బిల్డింగులు లేస్తున్న రోజులు. ప్రతి బిల్డింగ్‌కూ కింద ఓ చేపల తొట్టి కావాలి. వాటిని చూసుకోవడం మా కంపెనీ పని. నాకు పని నేర్పింది నిర్మల్ నుంచి వచ్చిన ఒక అన్న. బిడ్డ పుట్టి పది నెలలు, ఇంకా ఫోటోలోనే చూశాడు. గురువారం ఫ్లైట్. తొట్లన్నీ సరిగ్గా అప్పజెప్పితేనే మేనేజర్ లీవ్ కాగితం మీద సంతకం పెడతాడు.

ఆ తొట్టిలో తెల్ల చారల నారింజ చేపలు మూడు, ఒక అనిమోన్. అనిమోన్ చూడ్డానికి పువ్వు, నిజానికి కుట్టే జంతువు. ఈ చేపల్ని మాత్రం వాటి ఒంటి మీది జిగురు పుణ్యమా అని కుట్టదు. అన్నిట్లోకీ పెద్దది ఆడది, రెండోది మొగుడు, చిన్నది వెయిటింగ్ లిస్టు. వాటి గుడ్లంటే క్లినిక్ ఓనర్‌కు ప్రాణం.

ఫ్లైట్‌కు నెల ముందే అన్న ఆ తొట్టిని నాకప్పగించాడు. రోజూ కొంచెం నీళ్ళు తగ్గేవి. సముద్రపు చేపలు కదా అని శ్రద్ధగా ఉప్పు కలిపి పోశాను. మంగళవారం పెద్దది వెల్లకిలా తేలింది.

అన్న వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఇందుల మామిడికాయ తొక్కు పెడ్తున్నవారా?"

మేనేజర్ తేల్చేశాడు: గుడ్లు వచ్చేదాకా లీవ్ "మాఫీ". అరబ్బీలో ఆ మాటకు లేదు అని అర్థం.

"కొత్త ఆడది తెస్తే అన్నా?"

"పొడుసుకొని సస్తయ్. ఉన్నదాంట్ల రెండోదే ఆడదైతది, చిన్నది మొగోడైతడు. వీటి ఖాన్‌దాన్‌ల అంతే."

"ఎన్ని దినాలు పడ్తది?"

"నన్నెందుకు అడుగుతవ్? దాన్నడుగు."

అడిగాను. నోరు తెరిచి మూసింది. మా మేనేజర్‌కన్నా మర్యాదగానే.

గురువారం విమానం అన్న లేకుండానే పోయింది. ఆ సాయంత్రం ఫోన్‌లో బిడ్డ ఏదో అరుస్తుంటే, అన్న తొట్టి ముందు కూచుని చేపను చూస్తూ "ఊఁ, ఊఁ" అన్నాడు. నాకు ఒక్క జోకూ తట్టలేదు. "నీవల్లనే" అని అన్న నన్ను ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

నెలలు గడిచాయి. రెండో చేప లావెక్కి చిన్నదాన్ని తరమసాగింది. చివరికి గుడ్లు పెట్టింది. కొత్త మొగుడు రెక్కలతో విసురుతూ కాపలా కాశాడు. సంతకం అయింది. అన్న ఇల్లు చేరేసరికి బిడ్డ నడుస్తోంది. ఇతన్ని చూసి, నడుచుకుంటూ పోయి తల్లి వెనక దాక్కుందట.

తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు. కాబట్టి నీళ్ళు తగ్గితే ఉప్పులేని నీళ్ళే పోయాలి.