మెత్తగా నూరిన చలువరాయి

మా ఇంట్లో ఏదైనా సగం నలిగి ఉండటం నేరం. మిరియాలైనా, ధనియాలైనా, వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. "ముక్కలు ముక్కలుగా వేస్తే ఎప్పటికి సారం దిగుతుందే?" అనేది అమ్మ. ఆ చాదస్తం నా చేతులకీ వచ్చింది.

నేను కెనడాలోని సస్కటూన్‌లో కెమిస్ట్రీ మాస్టర్స్‌లో చేరిన ఏడాది క్యాంపస్‌లో ఎటు తిరిగినా మనవాళ్లే. ల్యాబ్ క్లాసులు చూసుకునే ఒక్కో టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టుకి బోలెడుమంది అప్లై చేసేవారు. ఎలాగో నాకొకటి దొరికింది. అది పోతే ఫీజు కట్టలేక చదువు సగంలో ఆగిపోతుంది. ఆ భయంతో చెప్పినదానికంటే ఎక్కువే చేసేదాన్ని.

మొదటి ల్యాబ్‌కి ముందు రోజు ప్రొఫెసర్ డబ్బా నిండా చలువరాయి ముక్కలు ఇచ్చి, రేపటికి సిద్ధం చేయమంది. పెద్దవీ చిన్నవీ విడదీసి పెట్టమని ఆవిడ ఉద్దేశం. నా కంటికేమో ఎవరో బద్ధకంగా సగంలో వదిలేసిన పనిలా కనిపించింది. ల్యాబ్‌లోని ఇనుప రోలు ముందేసుకుని మధ్యాహ్నమంతా నూరాను. విభూతిలా వచ్చింది. చూసుకుని తెగ మురిసిపోయాను.

మర్నాడు పిల్లలు స్టాప్‌వాచీలు పట్టుకుని ఆ పొడి మీద యాసిడ్ పోశారు. బటన్ నొక్కేలోపే ఫ్లాస్కులన్నీ పొంగి, నురగ బల్లల మీంచి నేలకి కారింది. అందరికీ కళ్లద్దాలూ గ్లవ్సూ ఉన్నాయి కనుక సరిపోయింది. తలుపు దగ్గర ప్రొఫెసర్‌ని చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ లోపలికి వచ్చింది. డబ్బా అడుగున నా కంటపడకుండా మిగిలిన రెండు ముక్కలు ఫ్లాస్కులో వేసి యాసిడ్ పోసింది. ఒకటీ అరా బుడగలు తీరిగ్గా లేచాయి.

"అదే రాయి, అదే యాసిడ్. దీనికెందుకు ఇంత నిదానం?" అని పిల్లల్ని అడిగింది.

నురగ తుడుస్తున్న ఒకమ్మాయి చెప్పింది: ముక్కకి పైభాగం మాత్రమే యాసిడ్‌కి తగులుతుంది, పొడి చేస్తే లోపల దాక్కున్నదంతా బయటికొస్తుంది, అందుకే అంత తొందర అని. అరగంట పట్టే పాఠం అది.

క్లాసయ్యాక ఉండబట్టలేక అడిగేశాను, "నా పని ఉన్నట్టా, పోయినట్టా?"

ఆవిడ నవ్వి, ప్రయోగం కాగితంలో పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు అన్న రెండు వరుసల కింద మూడోది రాసింది: పొడి.

"ఇది నూరడం నీ పనే. చిటికెడు చాలు," అంది.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంటికెళ్లగానే అమ్మకి కాల్ చేసి జరిగిందంతా చెప్పాను. "జాబ్ పోయిందనే అనుకున్నా అమ్మా!"

అమ్మ అంతా విని అడిగింది.

"అది సరేగానీ, జల్లించావా?"