నిబంధన ప్రకారం చేపల చారు

ఆర్విడ్ కోస్కి గారికి నిబంధన అంటే ప్రాణం. అమెరికాలో ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ రేవులో సర్కారు వారి పరిశోధన పడవకు ఆయనే పెద్ద. పడవ ఒడ్డున కట్టేసి ఉన్నా లైఫ్ జాకెట్ విప్పేవారు కాదు. ఎవరో పుట్టినరోజుకు కేకు తెస్తే, పడవ మీద నిప్పు కూడదన్నారు. అందరూ వెలగని కొవ్వొత్తిని ఊదారు.

విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే మారిట్‌కు ఆ పడవే ఆధారం. శరత్తు చివర గుడ్లు పెట్టే హెర్రింగ్ చేపల్ని అది వలేసి పడుతుంది. తలలో ఉండే చెవి ఎముక చూస్తే చేప వయసు తెలుస్తుంది. మారిట్ సిద్ధాంత గ్రంథానికి అదే ఆఖరి శరత్తు. సరిగ్గా అప్పుడే వాషింగ్టన్‌లో బడ్జెట్ కుదరక సర్కారు మూతపడింది; మళ్లీ తెరిచేదాకా దాని ఉద్యోగులు పని ముట్టుకోకూడదు. విశ్వవిద్యాలయం తెరిచే ఉంది, సరస్సులో చేపలూ ఉన్నాయి. పడవే కదలదు.

కూరగాయల దుకాణంలో మారిట్ ఆయన్ని పట్టుకుంది.

"ఒక్క రోజు పడవ తియ్యండి కోస్కి గారూ. జీతం లేకుండా పనిచేస్తానంటే ఎవరు కాదంటారు?"

"చట్టం కాదంటుంది. ఊరికే చేసినా తప్పే. అసలు చేపల మాటే ఎత్తకూడదు నేను. కావాలంటే వాతావరణం గురించి అడుగు."

"హెర్రింగ్ గుడ్లు పెట్టే వాతావరణం ఎలా ఉందండీ?"

"నా దగ్గరా నీ తెలివి?" అని ఆయన బంగాళదుంపలు ఏరుకుని వెళ్లిపోయారు.

రాతిమనిషి అని తిట్టుకుంది మారిట్. ఆ శనివారమే ఫోనొచ్చింది: "ఇంట్లో చేపల చారు కాస్తున్నా. రా."

అయిష్టంగానే వెళ్లింది. వంటింట్లో బల్ల నిండా హెర్రింగ్. సొంత లైసెన్సుతో, సొంత గాలంతో, రేవు గోడ మీద చలిలో కూర్చుని ఆయన పట్టినవి.

"ఇది ఉద్యోగం కాదు, వంట" అన్నారు కోస్కి. "తలలు నాకు పనికిరావు. చెత్తబుట్టలో వేస్తావో, సంచిలో వేసుకుంటావో నీ ఇష్టం. నేను చూడను." గోడవైపు తిరిగి ఉల్లిపాయలు తరిగారు.

చేపలు లోతుకు పోయేదాకా ప్రతి శనివారం అదే చారు. గాలానికి పడ్డ చేప వల చేపకు సాటి రాదు. ఏళ్ల తరబడి తెగకుండా వచ్చిన లెక్కలో ఆ ఏడు ఖాళీగానే మిగిలింది. ఆ ఖాళీ కంటపడితే మారిట్‌కు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ శరత్తును ఎవరూ తిరిగి తేలేరు. కాకపోతే ఆ తలలతో ఒక చిన్న అధ్యాయం నిలబడింది, దానితో ఆమె చదువూ నిలబడింది.

సర్కారు తెరుచుకున్న మొదటి ఉదయమే కోస్కి ఆమె ప్రయోగశాలకు వచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగారు. "ఈ ఏడు హెర్రింగ్ ఎలా ఉందో ఏమైనా తెలిసిందా?"

మారిట్ మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు.

"ఉప్పు కొంచెం తక్కువైందండీ."