ఏకాదశి నాడు మా చెల్లె వెలిగించిన పొయ్యి

పోయిన శుక్రవారం పొద్దున నేను తులసికోటకు నీళ్ళు పోస్తున్నాను. మా తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడ్డాడు. నేను చెంబు కింద పెట్టాను. మా చిన్న చెల్లెలు పోయింది. ముందురోజు సాయంత్రం ఆయాసంగా ఉందంటే తీసుకెళ్ళారు. తెల్లవారేలోగా గుండె ఆగిపోయిందట.

అప్పటినుంచి పరామర్శకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "పాపం, ఏం సుఖపడ్డదమ్మా? చిన్న వయసులనే మొగుడు పాయె, ఒక పిల్ల లేదు, జెల్ల లేదు." వినీ వినీ ఇది రాయడానికి కూర్చున్నాను. నేను మాట తక్కువ మనిషిని. జపమాల పట్టినంత సులువుగా కలం పట్టలేను. కానీ ఆమెను పాపం అంటే ఊరుకోలేను. మా చెల్లెల్ని పాపం అనడానికి ఆమె ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. పోయిందని ఇప్పుడు తీసుకుంటామంటే ఒప్పుకోను.

యాకుత్‌పురాలో మాది గుడిని ఆనుకున్న ఇల్లు. బాపు ఆ గుడిలో అర్చకులు. మా అమ్మ తొందరగా పోయింది. పెద్దదాన్ని కనుక ఇల్లూ, బాపు మడివంటా, తమ్ముడూ చెల్లెళ్ళూ నా చేతికి వచ్చారు. పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంట్లో అందరికంటే పెద్ద మా మేనత్త, బాపుకు అక్క. బాల్యంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. ఏకాదశి వస్తే ఆమె నీళ్ళు కూడా ముట్టదు. ద్వాదశి పొద్దున పూజయ్యాకే గొంతు తడుపుకోవడం. ఎండాకాలమైనా అంతే, జ్వరమొచ్చినా అంతే.

మా చెల్లెలి భర్త కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కామెర్లతో పోయాడు. చెల్లె మా ఇంటికి వచ్చేసింది. కొన్నాళ్ళకు అదే ఫ్యాక్టరీ సామాన్ల గోదాములో ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. పోతానంది. మేనత్త అడ్డు చెప్పలేదు. ఒక్కటే అడిగింది. "పో బిడ్డా. గని ఏకాదశి తప్పొద్దు. మన ఇండ్లల్ల మొగుడు పోయినోళ్ళు నీళ్ళు ముట్టరు ఆనాడు." చెల్లె తలూపింది.

మొదట్లో తప్పలేదు కూడా. ఇంట్లో కూర్చుని జపం చేసుకునేవాళ్ళకు ఎండిన గొంతు ఒక రకం. రేకుల షెడ్డు కింద రోజంతా నిలబడి ఇనుప సామాను లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళకు ఇంకో రకం. ఒక వేసవి ఏకాదశి నాడు మధ్యాహ్నం ఆమెను ఆటోలో తీసుకొచ్చి దించారు. వెంట వచ్చినామె చెల్లె పక్కనే పనిచేసే క్రైస్తవ మహిళ. చెల్లె నుదుటి మీద చీరుకుపోయిన గాయం. ఆ వెంట వచ్చినామె నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, నిలుసున్నదల్ల దబ్బున పడ్డది. పొద్దుగాల నుంచి చుక్క నీళ్ళు తాగలేదట గద! సార్ గుస్స మీదున్నడు. ఇంకోపాలి గిట్ల పడితే డాక్టర్‌తోని పనికి చాతగాదని రాపిస్త అంటుండు. రాస్తే అయిపాయె, నౌకరి పోతది."

మేనత్త వసారాలో నుంచి అంతా వింది. "పోతే పోనీ. ఎవరి కోసం ఆ నౌకరి? ఇంట్ల కూసో, రామా కృష్ణా అనుకో. నీకు పిడికెడు తిండి పెట్టనీకి మేము లేమా?"

మంచం మీద పడుకునే మా చెల్లె అంది, "ఉన్నరు అత్తా. నా ఫికరంత గదే."

ఆ మాట మేనత్తను ఎంత నొప్పించిందో నాకు తెలుసు. పిడికెడు తిండి మాట ఎక్కడినుంచి వచ్చిందో చెల్లెకూ తెలుసు. మేనత్త జీవితమంతా ఆ పిడికెడు మీదే గడిచింది. తమ్ముడి ఇంట్లో ఏది వండితే అది, ఎప్పుడు పెడితే అప్పుడు. చెల్లె అలా బతకదలుచుకోలేదు. అలాగని ఏకాదశి వదలాలనీ అనుకోలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆమె వ్రతం మీద తిరగబడిందనుకుంటారు. లేదు. మా ఇంట్లో నాకంటే ఎక్కువ నామం చెప్పుకున్నది ఆమే. ఉద్యోగమూ నాదే, ఏకాదశీ నాదే, రెండిట్లో దేన్నీ ఎవరికీ ఇయ్యనంది.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బేగంబజార్ పోయింది. ఒక కిరాణా దుకాణంలో సేఠ్‌ను సూటిగా అడిగింది, మీ ఇంటి ఆడవాళ్ళు ఏకాదశికి ఏం తింటారని. ఆయన నవ్వి, ఒక సంచి మూతి విప్పాడు. "భగర్ ఖాతే బెహన్‌జీ. ఉపాస్ కా చావల్. మేరీ మా భీ ఖాతీ." ఉపవాసం బియ్యమట, వాళ్ళమ్మ కూడా తింటుందట. చేతిలోకి తీసుకుని చూశాం. సామలు! సన్నగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. మీ అమ్మగారికి భర్త ఉన్నారా అని మా చెల్లె అడగనే అడిగింది. లేరన్నాడు సేఠ్. "అయితే ఒక కిలో కట్టు భాయ్," అంది.

ఇంటికి వచ్చి పొట్లం బాపు ముందు పెట్టింది. "బాపూ, ఇది వరి కాదు, పప్పు కాదు. ఏకాదశికి తినొచ్చా, తినొద్దా?"

బాపు పొట్లం వైపు చూశారు. వసారాలో కూర్చున్న అక్కగారి వైపు చూశారు. "దీంట్ల రెండు మాటలున్నయి. దున్నని భూమిల పండింది దోషం లేదంటరు కొందరు. మీ అత్తనడుగు. నేను గుడి తెరవాలె," అని లేచారు.

"గుడి తెరిచే ఉన్నది బాపూ," అంది చెల్లె. బాపు అప్పటికే కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

తరువాతి ఏకాదశి నాడు ఆమె చేసింది ఇదీ. చీకటితోనే తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని, బొగ్గుల కుంపటి తెచ్చి వాకిలి నడుమ పెట్టింది. వంటింట్లో కాదు, చాటున కాదు. మా వాకిట్లోకి కిరాయి వాటాల గుమ్మాలన్నీ తెరుచుకుంటాయి. నేను మెల్లగా అన్నాను, లోపల చేసుకోవే అని. "దొంగతనంగ తింటే అది ఒక్కపొద్దు గాదక్కా. దేవునికి కనబడంగ చేసేది మనుషులకు కనబడితే ఏంది?" అంది.

సామలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. మూకుడులో దోరగా వేయించి తీసింది. నెయ్యి వేసింది. జీలకర్ర చిటపటమంది. ఒక వాటాలో నుంచి దర్జీ భార్య తల బయటపెట్టి, "వదినా, వాసనకే మాకు ఆకలైతుందిగా!" అంది. చెల్లె నవ్వింది. నవ్వుతూనే పోపుడబ్బాలోకి చెయ్యి పోయింది. ఆ చెయ్యి ప్రతిరోజూ చేసే పనే చేసింది. ఆవాలు, మినపపప్పు తీసి నేతిలో వేసింది.

ఏకాదశికి పప్పు పనికిరాదు. ఒక్క బద్ద పడినా ఆ వంట ఉపవాసం వంట కాదు.

మేనత్త అంత గట్టిగా అరవడం నేను ఎన్నడూ వినలేదు. "ఏశినవ్ మినపపప్పు! అయిపాయె నీ ఏకాదశి. చూడుండ్రి, అందరు చూడుండ్రి! స్వామికే ఇష్టం లేదు!"

గుమ్మాలన్నిట్లో ఆడవాళ్ళు నిలబడ్డారు. మినపపప్పు నేతిలో ఎర్రబడుతోంది. ఇక ఇంతటితో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు కుంపటి ఆర్పేసి, కళ్ళు తుడుచుకుని, ఖాళీ కడుపుతో పనికి పోతుంది. మళ్ళీ పడుతుంది. ఆ డాక్టర్ రాసేస్తాడు.

ఆమె మూకుడులోకి కాసేపు చూసింది. "ఏశిన అత్తా. చెయ్యి అలవాటు," అంది. ఆ పోపులోనే ఇన్ని సామలు పోసి, ఇన్ని నీళ్ళు పోసి, ఉడికించి దించింది. "వదినా, గిన్నె తే. ఇది మీ పిల్లలకు," అని దర్జీ భార్యకు ఇచ్చేసింది. మూకుడు బూడిదతో తోమింది. పంపు కింద మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుంది. తడిచీరతోనే వచ్చి కుంపట్లో బొగ్గులు ఎగదోసి, మళ్ళీ నెయ్యి వేసింది.

సందు చివర ఫ్యాక్టరీ బస్సు హారన్ వినబడింది. "బస్సు పోతదే," అన్నాను.

"పోనీ. రిక్షాల పోత."

ఈసారి పోపుడబ్బా నా చేతిలో పెట్టింది. జీలకర్ర ఒక్కటే అడిగి తీసుకుంది. పచ్చిమిర్చి, అల్లం, చెక్కు తీసిన ఆలుగడ్డ ముక్కలు, సైంధవ లవణం. నీళ్ళు తెర్లాక వేయించిన సామలు పోసి మూత పెట్టింది. పల్లీలు దంచి పైన చల్లింది. సామలకు నీళ్ళు ఎక్కువైతే జావ, తక్కువైతే ఇసుక. గింజ పగలాలి, ముద్ద కాకూడదు. తరువాతి కాలంలో ఎంతమందికి నేర్పిందో, అందరికీ ఇదే చెప్పేది: "మూత తీసి తీసి చూడకుండ్రి. దాన్ని జర నమ్ముండ్రి."

దించి, తులసికోట ముందు పెట్టి, దండం పెట్టింది. మేనత్తకు ఎదురుగా, అదే వసారా మెట్టు మీద కూర్చుని, ఆకులో వడ్డించుకుని తిన్నది. తొందరపడలేదు. మేనత్త చూపు తిప్పుకోలేదు. ఈమె తల దించలేదు. ఆ మొండితనం, ఈ మొండితనం రెండూ మా ఇంటివే. చెయ్యి కడుక్కుని రిక్షా ఎక్కి వెళ్ళింది. సాయంత్రం తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వచ్చింది.

ఆ తరువాత తేలికగా ఏమీ జరగలేదు. మేనత్త చాలా నెలలు ఆమెతో మాట్లాడలేదు. గల్లీలో నోములకు పిలవడం మానేశారు. అయినా ద్వాదశి పొద్దున మేనత్తకు మొదటి చెంబు నీళ్ళు తీసుకుపోయి ఇచ్చేది మా చెల్లే. మేనత్త మాట్లాడకుండా తీసుకుని తాగేది. పోయేవరకు ఆమె తన నియమం విడువలేదు. విడువమని చెల్లె ఒక్కనాడూ అనలేదు. "ఆమెది ఆమె ఇష్టంతోని పట్టుకున్నది. నాది నా ఇష్టంతోని పట్టుకున్న," అనేది.

ఒకరోజు గుళ్ళో ఒక పెద్దమనిషి బాపును నిలదీశాడు. "అయ్యగారూ, మీ చిన్నబిడ్డ ఏకాదశి నాడు పొయ్యి పెడ్తదట గద?"

నేను దీపాలు తుడుస్తున్నాను. బాపు ఈసారి కూడా తప్పించుకుంటారనుకున్నాను. బాపు ఆయన చేతిలో తీర్థం పోశారు. "పెడ్తది. తింటది. తిని నౌకరికి పోతది. తీర్థం తీస్కో, కారిపోతుంది."

ఆ సంగతి చెబితే చెల్లె ఎంతసేపు నవ్విందో! నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఫ్యాక్టరీలో ఆమె గిన్నె చుట్టూ ఆడవాళ్ళు చేరేవారు. ఆనాడు ఆటోలో వెంట వచ్చిన క్రైస్తవ మహిళ, "మాకు సుత శ్రమకాలంల ఉపాసాలుంటయి, నాకెందుకు నేర్పవు?" అని పోట్లాడి మరీ నేర్చుకుంది. మా గల్లీలోనే భర్త పోయిన ఇంకొకామె ఒకనాడు పొద్దున్నే వెనుక తలుపు దగ్గరికి వచ్చి, గుసగుసగా కొలత అడిగింది. చెల్లె ఆమె చెయ్యి పట్టుకుని ముందు వాకిట్లోకి తెచ్చి, కుంపటి ముందు కూర్చోబెట్టింది. "కొలత చెవుల చెప్పేది గాదమ్మా, చూసి నేర్సుకునేది," అంది.

పోయినవాళ్ళ గురించి ఇవన్నీ ఎందుకు, నాలుగు మంచి మాటలు రాయి అన్నారు మా బంధువొకాయన. ఇవే ఆ మంచి మాటలు. ఆమె ఉద్యోగం చివరిదాకా చేసింది. ఒక్క ఏకాదశీ తప్పలేదు. ఎవరి పిడికెడూ తినలేదు. దేవుడికి ఇంతకంటే ఏం లెక్క చెప్పాలో నాకు తెలియదు. ఆయన అడిగితే నేనే చెబుతాను.

నాకు కళ్ళు మూసుకుంటే ఆమె పడుకున్న ఆసుపత్రి మంచం కనబడటం లేదు. ఆ రోజుల్లోని ఒక ఏకాదశి పొద్దున కనబడుతోంది. తిన్నంత తిని, మధ్యాహ్నానికని స్టీలు గిన్నెలో సామలు పెట్టుకుని బయలుదేరుతుంది. గిన్నెకు మూత పెట్టదు. మూత గిన్నె అడుగున ఉంటుంది. "మూత పెట్టవే, చల్లారుతది," అంటాను గుమ్మంలో నుంచి. "చల్లారనీ అక్కా," అంటుంది వెనక్కి తిరక్కుండా. గల్లీలో రెండు వైపులా తలుపులు ఓరగా తెరుచుకుంటాయి. కిటికీల వెనుక కొంగులు కదులుతాయి. బస్సు హారన్ కొడుతుంది. ఆమె పరుగెత్తదు. గిన్నెను ఛాతీ ఎత్తున రెండు చేతులా పట్టుకుని గల్లీ నడిమధ్యన నడుస్తుంటే, వేడి సామల ఆవిరి ఆమె భుజం మీదుగా వెనక్కి, ప్రతి గుమ్మం వైపూ పోతూ ఉంటుంది.