బంతి ముట్టని డ్రిల్లు మాస్టరు

దాసయ్య సార్‌కు కోపం ముక్కు మీదనే ఉంటదని చిక్కడపల్లి అంతటికీ ఎరుకే. కానీ ఆ ఏడు ఆయన కోపానికి అర్థమున్నది. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిల నెలల తరబడి బడులు మూతపడ్డయి. తీరా తెరిచినంక ఆంధ్రా నుంచొచ్చిన హెడ్మాస్టర్ జగన్నాథరావు ఆటల పీరియడ్లన్నీ గుంజి లెక్కలకిచ్చిండు. ఫుట్‌బాల్ నేర్పే మనిషిని గేటు కాడ నిలబెట్టి, ఆలస్యంగ వచ్చే పోరగాండ్లను పట్టుకొమ్మన్నడు. "బంతి తంతే పరీక్ష పాసవుతారా దాసయ్యగారూ?" అని నవ్విండు గూడ. ఆ నవ్వుకే సార్‌కు ఒళ్ళు మండింది. పాలమూరు నుంచి వచ్చి మట్టి మోసినోని కొడుకు, ఉత్త కాళ్ళతోని ఆడి పేరు తెచ్చుకున్నోడు, ఇప్పుడు గేటు కాడ చప్రాసి.

హెడ్మాస్టర్‌ను ఏమన్నా అంటే నౌకరి పోతది. మరి కోపం ఎవరి మీద తీర్చుకోవాలె? గోల్‌కీపర్ సూర్యనారాయణమూర్తి దొరికిండు. అశోక్‌నగర్‌ల ఉండే ఆంధ్రా గుమాస్తా ధర్మారావు కొడుకు. బడి ఇడిసినంక ఆడుతుంటే ఒక్క గోల్ ఇడిసిపెట్టిండు, అంతే.

"నువ్వూ, మీ హెడ్మాస్టరూ ఒక్కటే. జెర్సీ ఇప్పు. పోయి మీ ఊర్ల ఆడుకో."

"నేను పెరిగింది ఇక్కడే సార్."

"ఇప్పమన్ననా లేదా?"

పిలగాడు ఇప్పిండు. మడతపెట్టి నేల మీద పెట్టి, ఒట్టి ఒంటితోనే నలుగురు చూస్తుండంగ ఇంటికి నడిచిపోయిండు.

వారం తిరగకముందే టీం పోరగాండ్లు బజార్ల ఇంకో ఆంధ్రా గుమాస్తా కొడుకును పట్టుకొని అంగీ ఇప్పించిన్రు. దాసయ్య సార్ ఉరికొచ్చి చెయ్యెత్తిండు. సెంటర్ ఫార్వర్డ్ విఠల్ బిత్తరపోయి చూసిండు. "మీరు జేసిందే కద సార్." సార్ ఎత్తిన చెయ్యి దించిండు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిల ప్రభు భోజనం. రొట్టె పంచకముందు పాస్టర్ ఈదయ్య ఎప్పుడూ ఒక మాట చెప్తడు. ఎవరితోనన్న పగున్నోళ్ళు కూసోన్రి, పోయి కలుసుకొని రాన్రి, ప్రభువు బల్ల యాడికీ పోదు అని. ఎవడు కూసుంటడు? కూసుంటే చర్చంతా చూస్తది. దాసయ్య సార్ తొవ్వల రిక్షావానితోని కొట్లాడి వచ్చిన రోజు గూడ చేతులు కట్టుకొని అందరికంటె ముందే పోయేటోడు. ఆ రోజు గూడ లేచిండు. ఆడోళ్ళ దిక్కు అందరు లేచిన్రు. ఆయన పెండ్లాం ఆశమ్మ ఒక్కతే చాప మీద కదలలేదు. జ్వరంతోని గూడ నారాయణగూడ దాక నడిచొచ్చి రొట్టె తీసుకునే మనిషి. సార్ అది చూసిండు. తిరిగొచ్చి కూలబడ్డడు.

బయటికొచ్చినంక ఎగిరిపడ్డడు. "అందర్ల నా ఇజ్జత్ తీసినవ్."

"పరాయి పిలగాని ఒంటి మీది బట్ట ఇప్పించినోడు నా ఇంట్ల ఉండంగ, రొట్టెకు నా చెయ్యి ఎట్ల సాగుతది?"

"హెడ్మాస్టర్ చేసింది కనవడలేదా నీకు?"

"ఆయన సంగతి దేవుడు చూసుకుంటడు. నీ సంగతి నేను చూస్తున్న."

సార్ చర చర అశోక్‌నగర్ తొవ్వ పట్టిండు. తప్పు వాళ్ళది, పొమ్మనేది నన్నా ప్రభువా, అని పండ్లు కొరుక్కుంట దేవునితోని గూడ కొట్లాడిండు. కాళ్ళు మాత్రం ఆగలేదు.

ధర్మారావు వరండాలోనే నిలబెట్టిండు. "మా వాడు ఇంక ఆడడండీ. మీరు వెళ్ళిరండి." ఎనుక నుంచి మూర్తి వచ్చిండు.

"తప్పు నాది బిడ్డా," అన్నడు సార్.

"అందరి ముందు ఇప్పించారు. మా వరండాలో చెబితే ఎలా సార్?"

తెల్లారి ప్రార్థన బెల్లు కాడ, బడంతా ఇంటుండంగ, మల్ల చెప్పిండు. "ఇప్పుడివన్నీ ఎందుకండీ," అని హెడ్మాస్టర్ చిరాకుపడ్డడు. వరుసల నిలబడ్డ మూర్తి తలెత్తలేదు.

పీరియడ్లు లేకపోతే ఏంది, సార్ పొద్దున బడికి ముందే ఆట మొదలుపెట్టిండు. ఒక్కటే కానూన్. కొట్లాడుకున్నోళ్ళు ముందుగాల కలుసుకోవాలె, కలవనోడు బంతి ముట్టొద్దు.

"మరి మూర్తి మీతోని కలవలేదు కద సార్?" అన్నడు విఠల్.

సార్ పండ్లు పటపట కొరికిండు. "అందుకే నేను గూడ ముట్ట."

ముట్టలేదు. ఒర్రి ఒర్రి గొంతు పోయింది గాని, బంతి కాళ్ళ కాడికొస్తే నిప్పుల మీద అడుగు వడ్డట్టు ఎగిరి దుంకేది. పోరగాండ్లు కావాల్నని దొర్లించేది, ఆయన తిట్టేది. ముషీరాబాద్ తెలంగాణ పోరగాండ్లు, అశోక్‌నగర్ ఆంధ్రా పోరగాండ్లు మూతులు ముడుచుకొనే చేతులు కలిపేది. కలిపి ఆడేది. సార్‌కు కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. కాని పొద్దున లేవబుద్ధయితున్నది, లేవంగనే ప్రార్థనల మూర్తి పేరు వస్తున్నది.

వాన పడ్డ ఒకనాడు బంతి తప్పించుకోబోయి సార్ బురదల వడ్డడు. అందరు నోళ్ళు మూసుకొని నవ్వుతున్నరు. సంచి భుజానేసుకొని తొవ్వెంబడి పోతున్న మూర్తి ఆగిండు. లోపలికొచ్చి బంతి తీసిండు.

"నాకింకా కోపం పోలేదు సార్."

"నాది మాత్రం పోయిందా? అందరి మీద ఉన్నది. నీ మీద లేదు."

మూర్తి బంతిని ముందుకు చాపిండు. సార్ బురదల కూసునే రెండు చేతుల పట్టుకున్నడు. కండ్లు తుడుచుకుందమంటే చేతులు ఖాళీ లేవు.

"చూస్తవేందిరా," అని ఒర్రిండు, "గోల్‌లకు పో."