బొమ్మరింటి కప్పుకు తాడు

మంచం కింద కాలు పెట్టే చోటు లేక, ఇన్నాళ్ళూ నేను చేసి దాచుకున్న పెద్ద బొమ్మరిళ్ళన్నీ ఈ ఉదయం అంగన్‌వాడీకి ఇచ్చేశాను. సగంలో ఆగిన చిన్నది ఒక్కటే ఉంచుకున్నాను. వణికే చేతులకు అదే చాలు. ఇచ్చాక, పిల్లలు విరిచేస్తారేమోనని ఒకటే బెంగ. ఉండలేక మధ్యాహ్నం వెళ్ళి చూశాను. ఓ చిన్నపిల్ల నా తాటాకు బొమ్మరింటి కప్పు మీదుగా కొబ్బరితాడు బిగిస్తోంది.

“ఏటి సేత్తన్నావే?” అన్నాను.

“తుఫానొత్తే కప్పు ఎగిరిపోదేటి మామ్మా? నువ్వు తాడు కట్టడం మర్సిపోనావు!” అని కసిరింది.

గాలి మొదలైతే మా ఇంటి కప్పుకు ముందుగా తాళ్ళు కట్టించేది నేనే. బొమ్మరిళ్ళకు మాత్రం ఎన్నడూ తోచలేదు. ఇళ్ళతో పాటు నా బెంగనూ తీసుకున్న ఆ తల్లి చల్లగా ఉండాలి. ఇంతకీ, నా దగ్గరున్న చిన్నదానికీ తాడు కట్టమంటారా?